పద్నాలుగు వందల డిగ్రీల బొమ్మ

మనుషులు చిత్రకారులు కావడానికి రకరకాల కారణాలుంటాయి. కొందరికి ఆవేదన, కొందరికి గురువు. నాకు కూలర్.

1994 మే నెల. భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టరుకి రెండు గదులు, ఒక వంటిల్లు, పెరటివైపు ఇంకో చిన్న గది. ఆ చిన్న గది కిటికీకి కూలర్ బిగించాం. బయట నలభై ఐదు డిగ్రీలు మండుతుంటే లోపల వట్టివేళ్ళ వాసన, తడిగాలి. ఆదివారం భోంచేసి అక్కడ నడుం వాలిస్తే సాయంత్రం దాకా నాకూ ఉక్కు కర్మాగారానికీ ఏ సంబంధమూ ఉండేది కాదు.

నా పేరు భుజంగరావు. ప్లాంటు స్టోర్స్‌లో పని. పేరు పాముదే గాని, మా ఇంట్లో బుస కొట్టే హక్కు మా ఆవిడ గౌరీదేవిది.

ఆ గౌరి ఓ ఉదయం కాఫీ ఇస్తూ బాంబు కూడా ఇచ్చింది.

"ఒకటో తారీకు నుంచి వెనక గదిలో కుట్టు క్లాసు పెడతన్నాను. డిప్లొమా ఊరికే గోడకి తగిలించుకోడానికి చెయ్యలేదు కదా. ఎనిమిది మంది ఆడపిల్లలు చేరతామన్నారు."

"మంచిదే. ఎప్పుడెప్పుడు?"

"మంగళ, శుక్ర, ఆదివారాలు. ఒంటిగంట నుంచి నాలుగు."

గ్లాసు కింద పెట్టేశాను. "ఆదివారం ఒంటిగంటకి నేను ఆ గదిలో..."

"ముందు గదిలో పడుకోండి. ఫేనుంది."

ఆ ఫేను గురించి మీకు తెలీదు. అది గాలి ఇవ్వదు. పప్పులో గరిటె తిప్పినట్టు వేడిని బాగా కలుపుతుంది.

వద్దని చెప్పొచ్చు కదా అని మీరడగొచ్చు. మీకు పెళ్ళి కాలేదనుకుంటాను.

ఆ సాయంత్రం సివిక్ సెంటర్‌లో నడుస్తుంటే ఎండకి కళ్ళు తిరిగి, చల్లగా ఉందని ఒక చిత్రప్రదర్శనలోకి దూరాను. గోడకి ఓ పెద్ద పటం. గోధుమరంగు, నలుపు, ఓ మూల కొంచెం నీలం. చెట్టు లేదు, ఇల్లు లేదు, మనిషి లేడు. కింద చీటీలో అబ్‌స్ట్రాక్ట్ లాండ్‌స్కేప్ అనీ, చిత్రకారుణ్ణి తయారుచేసేది అతని చోటేననీ రాసి ఉంది.

"దీనికెంత కాలం పట్టిందండీ?" అని అక్కడ కూర్చున్నాయన్ని అడిగాను.

"ఎనిమిది నెలలు. తలుపు వేసుకుని ఒక్కడే వేశాడట."

ఎనిమిది నెలలు. తలుపు వేసుకుని. ఒక్కడే. అయిందో లేదో వేసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నాకు ఆ పటంలో మొదటిసారి అందం కనిపించింది.

ఇంటికెళ్ళి ప్రకటించాను. "నేను చిత్రకారుణ్ణవుతున్నాను."

గౌరి చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "ఎప్పట్నుంచి ఉంది ఇది?"

"లోపల చిన్నప్పట్నుంచీ ఉంది. బయటపడింది ఇవాళ."

"డాక్టరుకి చూపించారేటి?"

"వేళాకోళం కాదు గౌరీ. అబ్‌స్ట్రాక్ట్ లాండ్‌స్కేప్ వేస్తాను. అంటే ఒక చోటుని కళ్ళతో కాకుండా మనసుతో చూసి వెయ్యడం."

"కళ్ళు మూసుకునా?"

"కొంతసేపు మూసుకోవాల్సి వస్తుంది."

"గురక కూడా అందులో భాగమేనా?"

నేను చలించలేదు. "కళాకారుడి మీద చోటు ప్రభావం చాలా ఉంటుంది. నాకు ఆ వెనక గదిలో ఉంటేనే ఊహ వస్తుంది. ఆదివారాలు మరీను."

గౌరి చేట పక్కన పెట్టి నా మొహం చూసింది. స్టోర్స్‌లో సరుకు దిగినప్పుడు నేనలా చూస్తాను, ఎన్ని బస్తాలు తడిశాయా అని.

"సరే. గది మీదే. కాని రోజురోజుకీ బొమ్మ పెరుగుతున్నట్టు నాకు కనబడాలి. ఒక్క రోజు పెరక్కపోయినా మర్నాడు మిషన్లు దిగుతాయి. ఒప్పందమేనా?"

"ఒప్పందమే" అన్నాను. ఇంత తేలిగ్గా గెలిచినందుకు నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నిద్ర ముంచుకొస్తోంది.

రంగులు కొనాల్సిన పని కూడా లేకపోయింది. భిలాయిలో ప్రతి ఇంట్లోనూ గేటుకి వేసే రెడ్ ఆక్సైడ్, నీళ్ళ డ్రమ్ముకి వేసే వెండిరంగు, తలుపులకి వేయగా మిగిలిన పసుపు ఉంటాయి. పాత అలమరా వెనక హార్డ్‌బోర్డు ఊడదీశాను. కింద ఎరుపు పూశాను, పైన వెండి, మధ్యలో పసుపు చారలు. పది నిమిషాలు. మిగతా నాలుగు గంటలు మనసుతో చూశాను.

లేచేసరికి మా అమ్మాయి అమ్ము బొమ్మ ముందు నిలబడి ఉంది. అది పుట్టింది ఇక్కడే. దాని తెలుగు సగం హిందీలో ఉంటుంది.

"నాన్నా, ఉల్టా పెట్టావేమో, ఒకసారి దేఖో."

"అది భిలాయమ్మా."

"మన గేటు లాగా ఉంది" అంది గౌరి గుమ్మంలోంచి. "పర్వాలేదు, పెరిగింది."

అలా ఓ వారం హాయిగా గడిచింది. రోజుకో చార. చారకో కునుకు. ఇలాగే ఎనిమిది నెలలు నడిచేదే, రెండో ఆదివారం అప్పలకొండ రాకపోయి ఉంటే.

అప్పలకొండ నాకు వరసకి బావమరిది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇరవై రెండేళ్ళ సర్వీసు. కొలిమిలోంచి ఇనుము ధారకడుతుంటే నీలంరంగు అద్దంలోంచి చూసి, రంగుని బట్టి ఇన్ని డిగ్రీలని చెప్పేస్తాడు. మీటరు తప్పినా అతను తప్పడు. అందుకే కాలనీలో అందరూ డిగ్రీల అప్పలకొండ అంటారు. ఆ అద్దం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. పెళ్ళిచూపులకి కూడా పట్టుకెళ్ళాడని చెప్పుకుంటారు.

వచ్చి, నన్ను లేపి, బొమ్మ చూసి, జేబులోంచి అద్దం తీశాడు.

"బావా, ఇది ఎంత మీద ఉన్నాది?"

"ఏది?"

"ఈ ధార."

"ధార కాదురా. లాండ్‌స్కేప్."

"నువ్వు ఏ పేరైనా పెట్టుకో. ఈ ఎరుపుకి వెయ్యి దాటదు. ఈ వేడి మీద కొలిమి తెరిచావా, ఇనుము దారిలోనే గడ్డ కట్టేస్తాది. తరవాత అది కొట్టలేక చావాల. నీకు సర్వీసు ఉందా లేదా?"

"బొమ్మలో గడ్డ కట్టదురా."

"అలాగే అంటారు అందరూ. పద్నాలుగు వందలకి తీసుకురా. పసుపు ఎక్కించు."

చెప్పి వెళ్ళిపోతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పసుపు ఎక్కించక తప్పింది కాదు. గంటన్నర పట్టింది. అతను అద్దంలోంచి చూస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు.

మర్నాడు డ్యూటీ దిగి అప్పలకొండ జగ్గయ్యని వెంటబెట్టుకొచ్చాడు. జగ్గయ్యది కోక్ ఓవెన్లు, బొగ్గుని బట్టీల్లో కాల్చే చోటు. ఆయన బొమ్మ చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎవడయ్యా ఇంత మంట పెట్టింది? బట్టీ గోడలు కరిగిపోవా?"

"అది బట్టీ కాదు, కొలిమి" అన్నాడు అప్పలకొండ.

"ఆ నలుపు చూడు. అది బొగ్గు. బొగ్గుకి వెయ్యి చాలు."

"నలుపెక్కడిది? ఇనుము మీద తేలే చిట్టెం అది."

నిజానికది చీమ. రంగులో ఇరుక్కుని ఎండిపోయింది. చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రం జగ్గయ్య కోసం వెయ్యికి దించాను. మంగళవారం అప్పలకొండ కోసం పద్నాలుగు వందలకి ఎక్కించాను. బుధవారం దించాను. గురువారానికి రెండు డిపార్టుమెంట్ల నుంచీ షిఫ్టు దిగినవాళ్ళు నేరుగా మా ఇంటికే రావడం మొదలెట్టారు. హెల్మెట్లు గుమ్మంలో, బూట్లు వరండాలో, మనుషులు నా కూలర్ ముందు. ఒకడు గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి పక్కన ఆ రోజు డిగ్రీలు రాస్తున్నాడు. బొమ్మ మీద రంగు ఎంత మందంగా పేరుకుందంటే, దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

గౌరి అలిసిపోతుందనుకున్నాను. అలవలేదు. ట్రే నిండా టీలు పట్టుకొచ్చి, "ఇవాళ ఎంతన్నయ్యా?" అని అడిగేది.

"పదమూడు వందల ఏభై, చెల్లెమ్మా."

"నిన్నటికన్నా తగ్గిందే. ఏటండీ, ఒంట్లో బాగోలేదా?" అని నా వైపు తిరిగేది.

నాకు కళ్ళ కింద చారలొచ్చాయి. గది నాదే, కూలర్ నాదే, పడుకోడానికి జాగా మాత్రం లేదు. అయినా పళ్ళు బిగబట్టాను. ఇంకో వారం ఓపిక పడితే ఒకటో తారీకు దాటిపోతుంది. కుట్టు పిల్లలు వేరే చోటు చూసుకుంటారు. తరవాత ఈ డిగ్రీల జనాన్ని ఎలాగోలా తరిమేసి పడుకోవచ్చు.

మే ఆఖరి ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. గుమ్మం ముందు జీపు ఆగింది.

దిగింది రాజగోపాల్ గారు. మా డిప్యూటీ జనరల్ మేనేజర్. ఆయన్ని నేను పదేళ్ళలో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ వీపే. వెనకాల ఆయన భార్య లలితాంబ గారు, ఆడవాళ్ళ సమాజానికి అధ్యక్షురాలు. నేను లుంగీలో ఉన్నాను. చేతిలో బ్రష్షు ఉండటం వల్ల బతికిపోయాను.

"మిస్టర్ భుజంగరావు, మీ పెయింటింగ్ గురించి విన్నాను. రెండు డిపార్టుమెంట్ల ప్రొడక్షన్ మీటింగుల్లో దాని ప్రస్తావన వచ్చింది. చూడొచ్చా?"

వెనక గదిలో అప్పలకొండ, జగ్గయ్య లేచి నిలబడ్డారు. రాజగోపాల్ గారు బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. ఆయనకి కళలంటే ప్రాణమని అందరూ అంటారు. నా ప్రాణం మాత్రం కూలర్ మీద ఉంది.

"దీన్ని ఎక్కడ కూర్చుని వేశారు?"

"ఈ గదిలోనే సార్. నా మీద ఈ చోటు ప్రభావం..."

ఆయన మొహం ముడుచుకుంది. "గదిలోనా? లాండ్‌స్కేప్‌ని గదిలో కూర్చుని వేస్తారా? అయితే ఇది ఉత్త రంగుల పూత."

ఉత్త రంగుల పూత అని గౌరి ముందు తేలిపోతే గది పోతుంది. ఏదో ఒక చోటు చెప్పాలి. ఈ ఎండలో ఏ ఆఫీసరూ కాలు పెట్టని చోటు.

"వెయ్యడమే ఇక్కడ సార్. చూసేది జాముల్‌లో. సిమెంటు ఫ్యాక్టరీ అవతల, రోడ్డు పక్కన."

"ఏ టైములో?"

"మధ్యాహ్నం రెండింటికి సార్. నడి ఎండలో. అప్పుడు తప్ప ఆ వెలుగు రాదు."

రాజగోపాల్ గారు గడియారం చూసుకున్నారు. "ఇప్పుడు బయల్దేరితే సరిగ్గా రెండింటికి ఉంటాం. పదండి."

జీపులో ఆయన, లలితాంబ గారు, నేను, గౌరి, బొమ్మ. బొమ్మ పట్టుకోడానికి అప్పలకొండ. దారిపొడుగునా నేను మొక్కని దేవుడు లేడు. జీపు టైరు పంచరవ్వాలని ముగ్గురు దేవుళ్ళకి విడివిడిగా మొక్కాను.

అవలేదు.

జాముల్‌లో దిగాం. రోడ్డు బూడిదరంగు. చెట్లు బూడిదరంగు. ఓ మేక బూడిదరంగు. టీ బడ్డీలో కూర్చున్న ముసలమ్మ కొప్పు మీద కూడా సిమెంటు దుమ్ము. ఎక్కడా ఎరుపు లేదు, పసుపు లేదు. రాజగోపాల్ గారు బొమ్మని నిలబెట్టించి, ఓసారి దాన్నీ ఓసారి ఊరినీ చూశారు. ముసలమ్మ కూడా లేచొచ్చి చూసింది.

"కా బనాయే హస్ బాబూ?" అంది. ఏం చేశావు నాయనా అని. నేను గత మూడు వారాలుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న అదే.

అప్పలకొండ అద్దం పెట్టి ఊరంతా కలయజూశాడు. "ఇక్కడ వేడే లేదు సార్" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

"మిస్టర్ భుజంగరావు, ఇందులో జాముల్ ఎక్కడుంది?"

ఉద్యోగం, పరువు, కూలర్ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు వరస కట్టాయి.

అప్పుడు గౌరి కొంగు తల మీదికి లాక్కుని ముందుకొచ్చింది.

"చోటు ఇదేనండి. ఆయన అదిగో, ఆ రాయి మీద కూర్చోవాలనుకుంటారు. కాని నేను ఒంటరిదాన్నైపోతానని ఇంట్లోనే ఉండిపోతన్నారు. గుర్తు తెచ్చుకుని వేస్తంటే రంగులు తేడా వచ్చేస్తన్నాయి. రోజుకో రకంగా మార్చి మార్చి వేస్తన్నారు పాపం. కావాలంటే అన్నయ్యని అడగండి."

"రోజూ మారతన్నాది సార్" అన్నాడు అప్పలకొండ. అతను అబద్ధం చెప్పడు.

రాజగోపాల్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. నా భుజం మీద చెయ్యి వేశారు. "నాకిప్పుడు అర్థమైంది. చోటుకీ మనిషికీ మధ్య నాలుగు గోడలు అడ్డొచ్చాయి. వచ్చే ఆదివారం నుంచి నా జీపు మీ ఇంటికొస్తుంది. ఒంటిగంటకి ఇక్కడ దింపుతుంది, ఐదింటికి తీసుకెళ్తుంది. ఏ వారానికావారం ఎంతవరకూ వచ్చిందో డ్రైవరు నాకు చెప్తాడు."

"ప్రతి ఆదివారమా సార్?"

"కృతజ్ఞతలు అక్కర్లేదు."

"అయితే గౌరీ, మీ వెనక గది?" అన్నారు లలితాంబ గారు.

"ఖాళీయేనండి."

"మరింకేం. సమాజంలో ఆరు మిషన్లు ఊరికే పడున్నాయి. రేపే పంపిస్తాను."

ఇంటికొచ్చాక అడిగాను. "లలితాంబ గారికి మన బొమ్మ సంగతి ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"మీరు మొదలెట్టిన మర్నాడు. అయ్యగారికి బొమ్మలంటే పిచ్చని అందరికీ తెలుసు. ఎప్పటికైనా చూడ్డానికి వస్తారనుకున్నాను."

"అప్పలకొండని కూడా నువ్వే..."

"ఇంట్లో రంగులున్నాయి, చూసిపో అన్నయ్యా అన్నాను. అంతే. మిగతాదంతా వాళ్ళ సర్వీసు."

"మరి జాముల్?"

"అది మాత్రం నాకు తెలీదు. నేను మిమ్మల్ని కుమ్హారి చెరువు దాకా పంపుదామనుకున్నాను. మీరే దగ్గరి చోటు చెప్పారు. పోన్లెండి, పెట్రోలు కలిసొచ్చింది."

మొదటి ఆదివారం జాముల్‌లో ఆ రాయి మీద తువ్వాలు పరుచుకుని పడుకోబోయాను. డ్రైవరు హారన్ కొట్టాడు. రెండో ఆదివారం టీ బడ్డీ వెనక దాక్కున్నాను. ముసలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డ్రైవరుకి అప్పజెప్పింది. ఇక చేసేదిలేక కొత్త హార్డ్‌బోర్డు మీద వెండిరంగు పూసి, బూడిదరంగు ఊరికి ఇదే ఎక్కువనుకున్నాను.

నాలుగో ఆదివారం మబ్బు పట్టింది. ఊరికే కూర్చుని చూస్తున్నాను. ఆకు మీది బూడిదరంగూ రేకు మీది బూడిదరంగూ ఒకటి కాదు. మేక మీదున్నది ఇంకోటి. మబ్బు కిందికి దిగేకొద్దీ రోడ్డు చివర ఒక రంగు మొదలైంది. వంకాయ తొక్క లోపలివైపు ఉంటుందే, అలాంటిది. వెండిలో కాస్త ఎరుపు కలిపి చూశాను. కాదు. ఇంకొంచెం కలిపాను. డ్రైవరు పిలుస్తున్నాడు. వినబడుతోంది గాని లేవబుద్ధి కాలేదు. వాన మొదలై, ఆకుల మీద దుమ్ము కడిగి, పది నిమిషాలు ఆ ఊరంతా పచ్చగా ఉంది. తరవాత ఫ్యాక్టరీ మళ్ళీ దుమ్ము పోసింది. ముసలమ్మ ఇచ్చిన టీలో వాననీళ్ళు నిండిపోయాయి.

వానని చూసి డ్రైవరు ఐదింటిదాకా ఆగలేదు. మూడున్నరకల్లా తడిసిన బోర్డు నెత్తి మీద పెట్టుకుని ఇంటికొచ్చాను. గుమ్మంలో అప్పలకొండ ఉన్నాడు. అద్దం పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"దీని డిగ్రీలు నాకు అంతుపట్టడం లేదు బావా" అన్నాడు మెల్లిగా. "కాని ఇనుము మాత్రం కాదు."

ఆ రంగు మర్చిపోకముందే పూర్తి చెయ్యాలి. నాకొక గది కావాలి. నిజంగా కావాలి. వెనక గది తలుపు తోశాను. ఆరు మిషన్లు, పదకొండు మంది ఆడపిల్లలు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి.

"గౌరీ, ఆ మూల రెండు అడుగులు ఇస్తే చాలు. బొమ్మ వేసుకుంటాను. ఒట్టు. పడుకోను."

గౌరి టేపు మెళ్ళో వేసుకుని వచ్చి బోర్డు వైపు చూసింది. చాలాసేపు చూసింది. మొదటిసారి వేళాకోళం చెయ్యలేదు.

"బాగుంది" అంది. "కాని క్లాసు జరిగేటప్పుడు బయటివాళ్ళని కూర్చోబెడితే పిల్లల అమ్మలు ఊరుకోరు. ఇది సమాజం రూలు. నేర్చుకునేవాళ్ళు తప్ప ఇంకెవరూ లోపల ఉండకూడదు."

"మరి నేను?"

గౌరి హాజరు పుస్తకం తెరిచింది. పన్నెండో నెంబరు ఖాళీగా ఉంది.

అందుకే మిత్రులారా, మంగళ, శుక్రవారాల్లో మీరు పేకాటకి పిలిస్తే రాలేకపోతున్నాను. డ్యూటీకి పొద్దుటి షిఫ్టు వేయించుకున్నాను. రెండున్నరకల్లా క్లాసులో ఉంటాను. ఆదివారం హాజరు మాత్రం జాముల్‌లో. క్లాసులో ఆఖరి అరగంట గౌరి నన్ను మూల కూర్చుని బొమ్మ వేసుకోనిస్తుంది, ఆ రోజు పని సరిగ్గా చేస్తేనే. చేతికుట్టు అయింది, అంచు మడత అయింది. ప్రస్తుతం కాజాల దగ్గర ఉన్నాను. నెలాఖరుకి గుండీల్లోకి మారుస్తానంటోంది.